శ్రవణయంత్రముల లక్షణపట్టికలు: ఒక పరిశీలనము

మెట్రిక్ తూనికలు రాకపూర్వము ఈ దేశమున "శేరు" అను మాటకు చోటునుబట్టి అర్థము మారుచుండెడిది. మదరాసు రాజధానిలో శేరనగా 24 తులముల ఎత్తు. అట్టివి అయిదు చేరిన ఒక వీశె. రైలుసామానుల లెక్కలోను, ఉత్తరదేశపు బజారులలోను శేరనగా 80 తులములు. మదరాసు శేరునకు అలవాటుపడిన తెలుగు కుటుంబము ఉత్తరమునకు పోయి అంగడిలో శేరు పప్పు అడిగినచో మూడింతలకు మించి సరకు చేతికి వచ్చెడిది. ధరయు దానికి తగినట్లే యుండెడిది. ఇందు ఎవ్వరును మోసగాండ్రు కారు. మాట ఒక్కటి, కొలతలు రెండు. 1956లో తూనికల కొలతల శాసనము వచ్చి, 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము క్రమక్రమముగా అమలులోనికి వచ్చిన పిమ్మట ఆ గందరగోళము తొలగినది. పప్పునకు ఉప్పునకు తొలగినది గాని, పాట వినిపించు యంత్రముల అంగడిలో నేటికిని అది నిలిచియే యున్నది. అచ్చటి శేరునకు పేరు "వాటు".

యాంప్లిఫయరు గాని, స్పీకర్ల జంట గాని, చెవికి తగిలించుకొను హెడ్‌ఫోను గాని కొనువారికి వస్తువుతో పాటు ఒక లక్షణపట్టిక లభించును. బలము ఇన్ని వాట్లు, వికృతి ఇంత శాతము, ఇన్ని హెర్ట్జులు మొదలు ఇన్ని హెర్ట్జుల వరకు అని అందుండును. ఈ పట్టికయు ఒక రచనయే. దీనికిని కర్త కలడు, ప్రయోజనము కలదు, ఉద్దేశింపబడిన పాఠకుడు కలడు. లక్షణము లక్ష్యమునకు సరిపడినదా యని పరీక్షించుట తెలుగు విమర్శకు కొత్త కాదు. ఇచ్చట లక్ష్యము చెవిని పడు ధ్వని. ఆ ధ్వనిని తలచుకొని ఈ పట్టికలను చదివినచో, వానిలో అబద్ధముకంటె అర్ధోక్తి ఎక్కువగా కనబడును. సంఖ్య యుండును, ఆ సంఖ్య ఏ స్థితిలో వచ్చినదో ఉండదు.

రాష్ట్రేతరాంధ్రులకు ఇది విలాసవస్తువుల ముచ్చటగా తోచవచ్చును. కాని బెంగుళూరు, చెన్నై, బరంపురము, షోలాపురము వంటి పట్టణములలో తరతరములుగా స్థిరపడిన కుటుంబములలో చాలమంది పిల్లలు కన్నడమునందో, తమిళమునందో, ఒడియా మరాఠీలయందో, ఆంగ్లమునందో చదువుకొనుచున్నారు. (యానాము సంగతి వేరు, అచ్చట వీథిభాష తెలుగే.) ఇట్టివారికి తెలుగు కంటికంటె చెవికే ఎక్కువగా అందుచున్నది. ఉగాదిసభలో ఉపన్యాసము, పద్యనాటకము, హరికథ, ఇంటిలో తాతగారు దాచిన పాతపాటలు, ఇవన్నియు చాలవరకు యంత్రము మీదుగానే వచ్చును. మాటలో అచ్చులకు బలమెక్కువ; అవి క్రింది పౌనఃపున్యములలో నిలుచును. హల్లులకు బలము తక్కువ. మాటను మాటగా విడమరచునవి మాత్రము అవే. స, శ, ష అను ఊష్మముల శక్తి చాలవరకు 2,000 హెర్ట్జులకు పైననే యుండును. పాత టెలిఫోను 300 మొదలు 3,400 హెర్ట్జుల వరకే పంపెడిది గనుకనే అందు పేర్లు చెప్పునపుడు అక్షరమక్షరము విడదీసి పలుకవలసివచ్చెడిది. గర్జించు మందిరములో అచ్చులు దొర్లుకొనుచు వచ్చును, హల్లులు దారిలో జారిపోవును. లిపి చదువరాని బాలుడు పోతన పద్యమును మొదటిసారి అట్టి హాలులో వినినచో వానికి మిగులునది రాగమే. కాబట్టి సంఘమువారు వేలు, లక్షలు పోసి కొను యంత్రముపై అచ్చుపడిన అంకెకు అర్థమున్నదా లేదా అను ప్రశ్న చిన్నది కాదు.

మొదట వాట్ల సంగతి. ఒక యాంప్లిఫయరు కలదనుకొనుడు. దానికి రెండు ఛానెళ్లు. 8 ఓముల అవరోధముగల స్పీకరును తగిలించి, ఒకే స్థాయిలో సాగు స్వరమును ఎంతసేపైనను నిర్మలముగా ఇచ్చునప్పుడు దాని బలము ఒక్కొక్క ఛానెలునకు 10 వాట్లు. ఇప్పుడు ప్రకటన వ్రాయువాడు కలము పట్టును. రెండు ఛానెళ్లను కలిపి చెప్పును: 20. తరంగము యొక్క సగటుబలమును విడిచి, దాని శిఖరమున క్షణమాత్రము నిలుచు బలమును చెప్పును. అది సగటునకు సరిగా రెట్టింపు: 40. 8 ఓములకు మారుగా 4 ఓముల స్పీకరు తగిలింతునను. వోల్టేజి పడిపోకున్నంతవరకు బలము మరల రెట్టింపగును: 80. నిర్మలముగా ఉన్నచోట ఆగక, తరంగపు తలలు తెగి పదిశాతము వికృతి వచ్చువరకు మీట త్రిప్పును. దానితో ఇంచుమించు నాలుగవవంతు అదనము: 100. పది వాట్లది నూరు వాట్లదైనది. ఈ లెక్కలో గణితదోషము వెదకినను దొరకదు. ప్రతి మెట్టును భౌతికశాస్త్రము ఒప్పుకొనును. మెట్లన్నియు దాచి కడపటి అంకెను మాత్రము అచ్చువేయుట యందే చమత్కారమంతయు నున్నది.

ఇంతటితో ఆగినవారిని మర్యాదస్థులనియే అనవలెను. 1990ల దశకములోను ఆ పిమ్మటను దేశపు అంగళ్లలో క్యాసెట్టు యంత్రములపైన, కంప్యూటరు స్పీకర్లపైన "పి.ఎం.పి.ఓ." అను నాలుగక్షరములు మెరయజొచ్చినవి. "పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్" అని వాని విప్పు. ఎంతసేపు, ఎంత వికృతితో, ఎన్ని ఓములపై అను మూడు ప్రశ్నలకును దానికి నిర్ణయమైన సమాధానము లేదు. నిర్ణయము లేని కొలతకు హద్దును లేదు గనుక, అరచేతిలో ఇమిడెడి స్పీకర్లపై వందల వాట్లు, వేల వాట్లు అచ్చుపడినవి. ఒక వ్యాపారి 400 అని వేసినచో ప్రక్కవాడు 800 అని వేయక తప్పదు. నిజము చెప్పినవాడు 8 అని వేసికొని సరకుతో సహా అంగడిలో మిగిలిపోవును. ఈ పోటీలో మొదట దెబ్బతినువాడు మంచి వస్తువును చేయువాడు. కొనువాడు తరువాత.

అదే పెట్టెను వెనుకకు త్రిప్పినచో కరెంటు తీగ చెంత ఒక చిన్న పట్టీ యుండును. 230 వోల్టులు, 50 హెర్ట్జులు, ఇన్ని వాట్లు అని దానిపై సన్నని అక్షరములలో వ్రాసియుందురు. ముందువైపు వేయి యున్నచోట వెనుకవైపు ముప్పది యుండవచ్చును. ముప్పది వాట్లు పుచ్చుకొని వేయి వాట్లు పాడు యంత్రము ప్రకృతిలో లేదు. అయితే ఇచ్చట విమర్శ కూడ న్యాయము తప్పరాదు. భద్రతాప్రమాణముల పద్ధతిలో ఆ వెనుకటి అంకెను తీయునప్పుడు యాంప్లిఫయరు తన నిర్మలమైన పూర్తిబలములో ఎనిమిదవవంతు మాత్రమే ఇచ్చుచుండును. సంగీతపు సగటు ఆ పాటిదే యని వారి భావము. కనుక నిజమైన బలము వెనుకటి అంకెను దాటవచ్చును, కొన్ని రెట్లును కావచ్చును. ముప్పది రెట్లకు పైబడుట మాత్రము పొసగదు. ఒకే పెట్టెకు రెండు ముఖములు, రెండు అంకెలు. వెనుకటిదానిని ప్రమాణము వ్రాయించినది, ముందరిదానిని అంగడి వ్రాయించినది.

బ్యాటరీతో పలికెడి బ్లూటూత్ పెట్టెలకు వెనుక ఆ పట్టీయు అట్లుండదు. కాని లెక్కకు దారి కలదు. 3.7 వోల్టుల, 2,000 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీలో నిలువయుండు శక్తి 7.4 వాటు గంటలు. అది పది గంటలు పాడునని పెట్టెపై వ్రాసినచో, లోపలి ఎలక్ట్రానిక్ సరంజామా ఖర్చుతో కలిపి సగటున ముప్పాతిక వాటుకంటె ఎక్కువ వాడుటకు వీలులేదు. అదే పెట్టెపై 20 వాట్లు అనియు ఉన్నచో ఆ రెండు మాటలును ఏకకాలమున నిజము కానేరవు. ఎంత గట్టిగా పెట్టినప్పుడు ఎన్ని గంటలు అను ఒక్క వాక్యము చేర్చినచో చిక్కు విడిపోవును; ఆ వాక్యమే కనబడదు.

ఈ రుగ్మతకు శాసనమూలముగా చికిత్స చేసిన దేశములలో అమెరికా ముఖ్యమైనది. 1960లలోను 1970ల ఆరంభమునను అచ్చటి పత్రికలలో "మ్యూజిక్ పవర్", "పీక్ పవర్" మొదలగు పేర్లతో ఒకే యాంప్లిఫయరునకు పలువిధముల బలములు ప్రకటింపబడుచుండెను. 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషను ఒక నిబంధన చేసెను. ఇంటివాడుక యాంప్లిఫయరు బలమును ప్రకటించువారు ఒక్కొక్క ఛానెలునకు నిరంతర సగటుబలమును చెప్పవలెను; అది ఎన్ని ఓములపై, ఏ పౌనఃపున్యము మొదలు ఏ పౌనఃపున్యము వరకు, ఎంత వికృతికి లోబడి అనునవి చేర్చవలెను; కొలుచుటకు ముందు యంత్రమును ఒక గంటసేపు మూడవవంతు బలముతో పనిచేయింపవలెను.

ఈ కడపటి నియమము పరిశీలింపదగినది. ఆనాటి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లలో చాలవాటికి వేడి పూర్తిబలము వద్దకంటె దానిలో నలుబదిశాతము వద్ద అధికముగా నుండును. మూడవవంతు ఆ గడ్డుస్థితికి సమీపము. అందుచేత తయారుచేయువారు వేడిని చల్లార్చు లోహపు రెక్కలను పెంచవలసివచ్చెను, లేదా ప్రకటించు బలమును తగ్గింపవలసివచ్చెను. కచేరీలో ఏ పాటయు ఒక గంటసేపు అట్టి సగటుతో సాగదు. కఠినమైన పరీక్ష యన్నంతమాత్రమున అది సరియైన పరీక్ష యని చెప్పరాదు. వాడుకతో సంబంధము లేని కాఠిన్యము ఖరీదును పెంచునేగాని వినికిడిని పెంచదు. 2000లో కమిషను దానిని ఎనిమిదవవంతునకు తగ్గించెను. ఆ సవరణ సమంజసమే. అయితే ఆ సందర్భముననే ప్రకటనలలో కొన్ని వివరములు విడిచిపెట్టుటకు సడలింపు నిచ్చుట విచారింపదగినది.

1974 నిబంధనకు మరియొక లోటు కలదు. స్థితులను చెప్పుమన్నది గాని, ఏ స్థితులో తాను నిర్ణయింపలేదు. ఒకడు 8 ఓములపై వేయింటనొకవంతు వికృతితో చెప్పును. వేరొకడు 6 ఓములపై, ఒక్క 1,000 హెర్ట్జుల స్వరమునకే, పదిశాతము వికృతితో చెప్పును. ఇద్దరును నియమము పాటించినవారే. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుట మాత్రము ఇంజనీరునకే గాని గృహస్థునకు సాధ్యము కాదు. 2024లో ఆ లోటు తీరినది. ఇక మీదట బలము 8 ఓములపై, 20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు, ఒకశాతమునకు లోబడిన వికృతితో కొలిచినదై యుండవలెనని కమిషను నిర్ణయించెను. శేరునకు ఒక్క తూకము కుదురుటకు అచ్చట ఏబదియేండ్లు పట్టినది.

జర్మనీవారి త్రోవ వేరు. 1960ల దశకమున వారు "డిన్ 45500" అను ప్రమాణముచేత "హై-ఫై" అను పేరునకే కనీసార్హతను నిర్ణయించిరి. ఆలోచన చక్కనిది. కాని యంత్రములు ఏటేట మెరుగుపడుచుండగా ఆ కనీసము అచ్చటనే నిలిచిపోయి, కొంతకాలమునకు ఆ బిరుదు సామాన్యపు సరకునకును దక్కెను. ప్రమాణమును వ్రాసినవారు దానిని అప్పుడప్పుడు తిరుగవ్రాయుటకును సిద్ధపడియుండవలెను.

ఇక ఈ దేశపు స్థితి. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణముల సంస్థ 1987లో భారతీయ ప్రమాణముల బ్యూరోగా మారినది. 2012లో కేంద్రప్రభుత్వము ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి నమోదు ఉత్తరువు నొకదానిని జారీచేసెను. 2,000 వాట్లు, అంతకు పైబడి విద్యుత్తు పుచ్చుకొను యాంప్లిఫయర్లు, 200 వాట్లు, అంతకు పైబడిన సంగీతయంత్రములు అందు చేరినవి. వానిని పరీక్షింపవలసిన ప్రమాణము ఐ.ఎస్. 616. అది భద్రతకు సంబంధించినది: ముట్టుకొన్నవానికి షాకు కొట్టరాదు, పెట్టె నిప్పంటుకొనరాదు. ఈ నియమము మిక్కిలి అవసరమైనది. పండుగ పందిళ్లలో తడినేలపై తీగలు పరచు దేశమున దాని విలువను తక్కువచేయరాదు. కాని నమోదుసంఖ్య గల యంత్రము ప్రాణమునకు హామీ నిచ్చునేగాని, దాని పాట ఎట్టిదో, దానిపై వ్రాసిన వాట్లు ఏ శేరుతో తూచినవో చెప్పదు. గుర్తును చూచి కొనువాడు అది నాణ్యమునకు గుర్తనుకొనును. అంగడివాడు ఆ భ్రమను తొలగింపబోడు.

2019 నాటి వినియోగదారుల రక్షణ శాసనము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికారము, తప్పుద్రోవ పట్టించు ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కత్తి పదునైనదే. కాని ప్రకటన అబద్ధమని తేల్చుటకు ముందు నిజమెంతయో తేల్చు పద్ధతి యొకటి ఉండవలెను గదా! వేయి వాట్ల పి.ఎం.పి.ఓ. అనునది అబద్ధమని నిరూపించుట కష్టము. దానికి నిర్వచనమే లేదు గనుక అది నిజమును కాదు, అబద్ధమును కాదు. శాసనమునకు చిక్కని చోటున నిలుచుటయే ఆ మాటకు గల బలము.

కొలుచు విద్య లేకపోవుటచేత ఇట్లు జరుగుచున్నదనుటకు వీలులేదు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘమువారి 60268 శ్రేణిలో యాంప్లిఫయర్లకు మూడవభాగము, లౌడుస్పీకర్లకు అయిదవభాగము, హెడ్‌ఫోనులకు ఏడవభాగము కలవు. ఎట్లు కొలువవలెనో అవి చెప్పును. కొలిచినదానిని పెట్టెపై ఒకే తీరున అచ్చువేయుమని ఈ దేశమున అడుగువారు లేకపోవుటయే లోపము.

వికృతిశాతము సంగతి ఇంకను సూక్ష్మమైనది. సంగీతము తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. తంబుర తీగను మీటినప్పుడు ఆధారషడ్జముతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు పౌనఃపున్యముగల స్వరములును పలుకును. రెండవది తారషడ్జము. మూడవది దాని పైని పంచమము. అయిదవది అంతరగాంధారము, శ్రుతి చక్కగా కుదిరిన తంబురలో గాయకులు చెవియొగ్గి వినునది అదియే. ఏడవది ఏ స్వరస్థానమునకును సరిగా ఒదుగదు. పదకొండవదియు, పదమూడవదియు అట్టివే. యాంప్లిఫయరు వికృతి యనగా, లోనికి పంపని ఇట్టి స్వరములను యంత్రము తనంత తాను పుట్టించుట. పట్టికలోని శాతము వీనినన్నిటిని ఒకే రాశిగా పోసి కొలుచును. రెండవ స్వరము ఒకశాతము కలిసినను చెవి పట్టుకొనుట కష్టము. అది పాటలోనే కలిసిపోవును. ఏడవది, పదకొండవది అంతకంటె ఎంతో తక్కువ కలిసినను గొంతు గరగరలాడినట్లుండును. బి.బి.సి. ఇంజనీరు షార్టర్ 1950లోనే, పైస్వరములకు హెచ్చు తూకమిచ్చి లెక్కింపవలెనని సూచించెను. ఆ సూచన పండితుల పత్రములలో నిలిచినది. అంగడి పట్టికలలోనికి రాలేదు.

పైగా ఆ శాతమును పూర్తిబలమునకు దగ్గరగా కొలిచి చూపుట వాడుక. ఇంటిలో పాట వినునప్పుడు ఖర్చగునది తరచుగా ఒక వాటునకు లోపే. కొన్ని యాంప్లిఫయర్లలో తరంగము పైసగము నుండి క్రిందిసగమునకు మారు చోట ట్రాన్సిస్టర్లు పని మార్చుకొనుటలో చిన్న తొట్రుపాటు కలుగును. గట్టిగా పాడునప్పుడు అది లెక్కకు రాదు. మెల్లగా వీణ వినునప్పుడు పాటలో అది పెద్ద భాగమగును. పట్టికలో సున్న చుక్క సున్న అని యుండి ఇంటిలో వీణ గరుకుగా పలుకుటకు ఇది యొక హేతువు.

20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు అని వ్రాయని స్పీకరు పట్టిక అరుదు. మనుష్యకర్ణమునకు సామాన్యముగా చెప్పు హద్దులవే. యంత్రమును కొలిచి వ్రాసిరో, పాఠ్యపుస్తకము చూచి వ్రాసిరో పట్టిక చెప్పదు. ఆ హద్దుల మధ్య ధ్వని ఎన్ని డెసిబెల్లు ఎక్కి దిగునో చెప్పనిచో ఆ వాక్యమునకు విలువలేదు. మూడు డెసిబెల్లకు మించి ఎక్కదు దిగదు అని చేర్చినది వాగ్దానము. చేర్చనిది వాక్యాలంకారము.

కొనువానికి మిక్కిలి ఉపకరించు అంకె వేరొకటి కలదు; అది సాధారణముగా పట్టిక అడుగున నుండును, ఉన్నచో. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరమున స్పీకరు ఎన్ని డెసిబెల్ల ధ్వని చేయును అనునది అది. బలము రెట్టింపైన ప్రతిసారి పెరుగునది మూడు డెసిబెల్లే. కనుక 84 డెసిబెల్ల స్పీకరు 40 వాట్లతో చేయు పనిని 90 డెసిబెల్ల స్పీకరు 10 వాట్లతోనే చేయును. ఆరుబయట దూరము రెట్టింపైన ప్రతిసారి ఆరు డెసిబెల్లు తగ్గును. ఒక మీటరు వద్ద 90 ఉన్న ధ్వని 32 మీటర్ల వద్ద 60 అగును. అది ఎదుటికూర్చున్నవాడు మామూలుగా మాటాడినంత. దానిని 70 చేయుటకు 10 వాట్లు, 80 చేయుటకు 100 వాట్లు కావలెను. కడపటి వరుసలోని వృద్ధునికి హరికథ వినబడునా లేదా అని లెక్కవేయుటకు ఈ రెండు సూత్రములు చాలును. వాట్లను మాత్రమే చూచి కొన్నవారు అదే పనికి నాలుగింతలు ఖర్చు పెట్టవచ్చును.

ఈ దేశమునకు ఇట్టి ఆలోచన కొత్తది కాదు. ఫ్యానుల విషయమున విద్యుత్తు పొదుపు బ్యూరోవారు నక్షత్రముల చీటీ అంటించునప్పుడు చూచునది అది ఎంత విద్యుత్తు మ్రింగునని మాత్రమే కాదు. ఒక్క వాటునకు నిమిషమునకు ఎన్ని ఘనమీటర్ల గాలి వీచునని. 2006లో ఆరంభమైన ఆ చీటీలను నేడు ఇంగ్లీషు రానివారును చదువగలుగుచున్నారు. నక్షత్రములు లెక్కపెట్టినచో చాలును. ఫ్యానునకు గాలి యెంత అని అడిగిన రాజ్యము స్పీకరునకు ధ్వని యెంత అని అడుగరాదా? విచిత్రమేమనగా ధ్వని ఇరుగుపొరుగువారికి బాధ కలిగించునప్పుడు ప్రభుత్వము దానిని డెసిబెల్లలోనే కొలుచుచున్నది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. వినలేక చెవులు మూసికొనువానికి డెసిబెల్లు, విన గోరి డబ్బిచ్చువానికి వాట్లు.

అంకెలన్నియు వ్యర్థము, చెవియే ప్రమాణము అను పక్షమొకటి కలదు. పట్టికలు ఇంతగా విసిగించిన పిదప ఆ పక్షము పుట్టుట సహజమే. కాని చెవికి కన్ను తోడైనప్పుడు తీర్పు చెదరును. పెట్టె ఖరీదు, పేరు, వన్నె తెలిసినచో అభిప్రాయము మారిపోవును. 1980లలో కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ తెరచాటున స్పీకర్లనుంచి, ఏది పలుకుచున్నదో తెలియనీయక శ్రోతలచేత మార్కులు వేయించెను. అట్లు వినినప్పుడు శ్రోతల అభిప్రాయములు చాలవరకు ఏకీభవించినవి. అన్ని దిక్కులకును సమముగా, ఎగుడుదిగుడులు లేక పలుకు స్పీకరునే వారు మెచ్చిరి. 2004లో షాన్ ఆలివ్ 70 స్పీకర్ల కొలతల నుండి శ్రోతల మెప్పును ముందుగా లెక్కగట్టు సూత్రమును ప్రకటించెను. లెక్కకును మెప్పునకును గల సహసంబంధము 0.86. చెవికిని కొలతకును వైరము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. ఒక్క గీతను, ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పబోవుటయే తప్పు. స్పీకరు చుట్టును పదేసి డిగ్రీలకొకసారి, అడ్డముగాను నిలువుగాను, మొత్తము 70 చోట్ల కొలువవలెనని చెప్పు ప్రమాణము అమెరికాలో 2013లో వచ్చినది. అది స్వచ్ఛందము. పాటించువారు కొలదిమంది.

సభామందిరమునకు యంత్రము కొను సంఘమువారు ఇంత లోతునకు దిగనక్కరలేదు. 8 ఓములపై ఒక్కొక్క ఛానెలునకు నిరంతరబలమెంత, ఎంత వికృతితో. స్పీకరు ఒక వాటునకు ఒక మీటరు వద్ద ఎన్ని డెసిబెల్లు. పౌనఃపున్యపు హద్దులు ఎన్ని డెసిబెల్ల తేడాలో. ఈ మూడింటిని బిల్లుపై వ్రాసి సంతకము చేయుమని అంగడివానిని అడుగవచ్చును. అతడు తయారుచేసినవారికి వ్రాయును. వారు సమాధానమీయనిచో అదియు ఒక సమాధానమే. బిల్లుపై వ్రాసిన అంకెకు అంగడివాడు బాధ్యుడగును. అట్టి కాగితము చేతనున్నప్పుడు వినియోగదారుల కమిషనులో వాదించుటకు ఏదో ఒక నేల దొరకును.

మాట స్పష్టతను కొలుచుటకును పద్ధతి లేకపోలేదు. 1970లలో నెదర్లాండ్సులో హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ అను వారు మందిరములో మాట ఎంత చెదరక చేరునో సున్న నుండి ఒకటి వరకు అంకెతో చెప్పు విధానమును రూపొందించిరి. అది పైన చెప్పిన 60268 శ్రేణిలో పదునారవభాగమైనది. దానికి పరికరము కావలెను. పరికరము లేనిచోట, అంతకు పూర్వమే టెలిఫోను ఇంజనీర్లు వాడిన పాతపద్ధతి ఇప్పటికిని పనికివచ్చును. అర్థములేని అక్షరపు జంటలను నూరింటిని కాగితముపై వ్రాసికొని, సప, శప, కట, ఖట, తద, థద అని వేదికపై ఒకరు మైకులో చదువవలెను. తెలుగు వ్రాయవచ్చినవారు నలుగురు కడపటి వరుసలో కూర్చుండి వినబడినది వినబడినట్లు వ్రాయవలెను. అర్థము లేనందున ఊహించి పూరించుటకు వీలుండదు. వేదికమీది కాగితమును, కడపటి వరుస కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఎన్ని అక్షరములు చేరినవో, శకారము సకారముగా మారినది ఏ మూలనో, వత్తు పోయినది ఏ స్పీకరు క్రిందనో తెలియును. అరగంట పని. డబ్బు చెల్లింపకముందే, యంత్రమును తెచ్చినవాడు ఇంకను హాలులో నుండగానే చేయవలసినది.